ఐదు రూపాయల పొట్లం, ఆగని చెయ్యి

పల్లెలో బడి గంట కొడితే ఒకప్పుడు పిల్లలు పరుగెత్తింది నీళ్ల కుళాయి దగ్గరికి. ఇప్పుడు పరుగెత్తేది ఎదురుగా ఉన్న అంగడికి. అంగడి ముందు తోరణాలు కట్టినట్టు రంగురంగుల పొట్లాలు వేలాడుతుంటాయి. సరిగ్గా పిల్లవాడి చేతికి అందే ఎత్తులోనే ఉంటాయి. ఐదు రూపాయల బిళ్ల ఇస్తే ఒకటి తెగి చేతికొస్తుంది. చింపటం, నోట్లో వేసుకోవటం, అడుగున మిగిలిన కారప్పొడిని వేలితో నాకటం అంతా రెండు నిమిషాల పని. జేబులో రెండో బిళ్ల ఉంటే రెండో పొట్లం.

ఇంటికి వచ్చాక తల్లి సంగటి ముద్ద పెడితే పిల్లవాడు మొహం తిప్పుకుంటాడు. "సంగటి ముట్టడు, అంగట్లో ప్యాకెట్టు మాత్రం వదలడు. ఏం నోరో వీడిది!" అని తల్లి విసుక్కుంటుంది. "మా కాలంలో ఇట్లుండిందా?" అని అవ్వ దెప్పుతుంది. తప్పంతా పిల్లవాడి నోటిదేనని ఇంటిల్లిపాదీ తీర్మానించేస్తారు.

కాని తప్పు పిల్లవాడి నోటిది కాదు. ఒకటి తిన్నవాడు ఇంకొకటి అడిగేటట్లుగానే ఆ పొట్లం తయారవుతున్నది. ఇది కోపంతో అంటున్న మాట కాదు. శాస్త్రజ్ఞులు తూకం వేసి, లెక్కగట్టి తేల్చిన మాట.

సంగటి చాలంటుంది, పొట్లం చాలనదు

చిత్తూరు జిల్లా పల్లెల్లో రాగి సంగటి, వేరుశెనగ ఊరిబిండి తరతరాల తిండి. ఎంత ఆకలితో కూర్చున్న కూలి మనిషైనా రెండు ముద్దలు తినేసరికి "చాలు" అంటాడు. ఆ మాట అనిపించేది కడుపు. ముద్దలో నీరు ఉంది, పీచు ఉంది, బరువు ఉంది. కడుపు నిండిన కబురు తలకు చేరటానికి ఇంచుమించు ఇరవై నిమిషాలు పడుతుంది. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తినేవాడు ఒక్కొక్కటే ఒలుచుకోవాలి, నమలాలి. ఆ ఆలస్యంలోనే కడుపు తన మాట చెప్పుకుంటుంది.

పొట్లంలోని సరుకుకు ఒలవటం లేదు, నమలటం లేదు. నీరు తీసేశారు, పీచు తీసేశారు. మిగిలింది పిండి, నూనె, ఉప్పు, చక్కెర. మూడో వంతు నూనె ఉండే చిప్సు గుప్పెళ్లుగా లోపలికి పోతాయి. కడుపు నోరు తెరిచి చాలనే లోపలే పొట్లం ఖాళీ అవుతుంది.

తూకం వేసి చూశారు

2019లో అమెరికాలోని బెథెస్డాలో, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలో కెవిన్ హాల్ అనే శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష చేశాడు. ఇరవై మంది ఆరోగ్యవంతులను నాలుగు వారాలు సంస్థలోనే ఉంచాడు. రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన తిండి, రెండు వారాలు మామూలు వంట. రెండు రకాల భోజనంలోనూ వడ్డించిన కెలోరీలు సమానం. చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు పాళ్లు కూడా సమానంగానే ఉండేటట్లు చూశారు. "మీ ఇష్టం, ఎంత కావాలంటే అంత తినండి" అన్నారు.

ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకు 500 కెలోరీలు ఎక్కువ తిన్నారు. బియ్యం లెక్కలో చెప్పాలంటే రోజూ మరో 140 గ్రాముల బియ్యం వండుకు తిన్నట్టు. రెండు వారాల్లో సగటున 900 గ్రాముల బరువు పెరిగారు. మామూలు వంటకు మారిన రెండు వారాల్లో అంతే బరువు తగ్గారు. మనుషులు వాళ్లే, కడుపులూ అవే. మారింది తిండి ఒక్కటే. ఫ్యాక్టరీ తిండిని వాళ్లు తొందర తొందరగా తిన్నారని కూడా ఆ పరీక్షలో తేలింది.

ఇరవై మందితో లోకానికి తీర్పు చెబుతారా అని ఎవరైనా అడగవచ్చు. 2024లో జపాన్ శాస్త్రజ్ఞులు స్థూలకాయులైన తొమ్మిది మంది మగవాళ్లతో ఇలాంటి పరీక్షే చేశారు. అక్కడ తేడా రోజుకు 800 కెలోరీలు దాటింది. ఒక్క వారంలో బరువు తేడా కిలోకు పైగా తేలింది. ఇవి చిన్న పరీక్షలే. కాని రెండు దేశాల్లో రెండు రకాల మనుషులు ఒకే విధంగా ఎక్కువ తిన్నారంటే, లోపం మనిషి నిగ్రహంలో ఉన్నదనటం సబబు కాదు.

ఏది మంచి, ఏది చెడు?

ఫ్యాక్టరీ గడప తొక్కిన ప్రతిదీ చెడ్డదని అనుకోవటం కూడా పొరపాటే. వడ్లు ఆడించటం, గానుగ పట్టటం, పాలు కాచి తోడు వేయటం, మామిడికాయ ఊరవేయటం ఇవన్నీ సరుకును మార్చటమే. వాటి వల్ల మనిషి బతికాడు. బ్రెజిల్ దేశంలో సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మాంటీరో బృందం 2009 నుంచి ఆహారాన్ని ఈ లెక్కన వర్గాలుగా విడగొట్టి చూపించింది. చివరి వర్గం పేరు అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం. అంటే పంటను ముక్కలుగా విడదీసి, పిండిపదార్థం ఒక చోట, నూనె ఒక చోట, తీపి ఒక చోట తీసి, రంగు, వాసన, రుచి పొడులు కలిపి మళ్లీ అతికించిన సరుకు. దానిలో ఏ పంట ఉన్నదో చూసి గాని, తిని గాని చెప్పలేరు.

ఇంట్లో గుర్తుపట్టటానికి సులువైన ఉపాయం ఒకటి ఉంది. పొట్లం వెనుక చిన్న అక్షరాల్లో రాసిన దినుసుల జాబితా చదవాలి. వంటింట్లో ఎన్నడూ కనబడని పేర్లు, అంకెలు వరుసగా ఉంటే అది ఆ వర్గపు సరుకే. మురుకుల్లో ఏముంటుందో చెప్పటానికి ఏ తల్లికీ చిన్న అక్షరాలు అక్కరలేదు.

నాలుగు ఉపాయాలు

ఎక్కువ తినిపించటానికి ఈ పరిశ్రమ దగ్గర ముఖ్యంగా నాలుగు ఉపాయాలు ఉన్నాయి.

మొదటిది రుచి కొలత. పాయసంలో చక్కెర పెంచుతూ పోతే కొంతదాకా రుచి పెరుగుతుంది, ఆ తర్వాత వెగటు పుడుతుంది. ఆ రెంటికీ నడుమ రుచి శిఖరానికి చేరే చోటు ఒకటి ఉంటుంది. దాన్ని 'బ్లిస్ పాయింట్' అంటారు. హోవర్డ్ మాస్కోవిట్జ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు దాన్ని కంపెనీల కోసం వందలాది మంది నాలుకల మీద పరీక్షించి కొలిచి ఇచ్చాడు. వంట చేసే తల్లి చేతి అంచనాతో ఉప్పు వేస్తుంది. కంపెనీ లెక్కతో వేస్తుంది. చక్కెర, ఉప్పు, నూనె కలిసికట్టుగా పనిచేస్తే నాలుక లొంగకుండా ఉండటం కష్టం.

రెండవది కరిగిపోవటం. ఉబ్బిన గొట్టాలు, గుండ్లు నాలుక మీద పడగానే కరిగి మాయమవుతాయి. నోట్లో ఏమీ మిగలకపోయేసరికి ఏమీ తిననట్టే అనిపిస్తుంది. చెయ్యి మళ్లీ పొట్లంలోకి పోతుంది.

మూడవది తాగించటం. తీపిని నమిలి తింటే కడుపు కొంతైనా లెక్క పెట్టుకుంటుంది, తాగితే ఆ లెక్క సరిగా పడదు. ఒక పావు లీటరు కోలా పానీయంలో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజు మొత్తానికి 25 గ్రాములు మించవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార సూత్రాల్లో చెప్పింది. అంటే ఒక్క సీసాతో రోజు వాటా ముగిసింది. అయినా సీసా తాగినవాడు అన్నం తగ్గించుకోడు.

నాలుగవది ధర. ఐదు రూపాయలు, పది రూపాయలు అన్నవి పిల్లవాడి జేబును చూసి పెట్టిన ధరలు. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, కారపు తినుబండారాలు, నూడుల్సు వంటివాటి మీద జీఎస్టీ 18 లేదా 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఐదు రూపాయల ధర అలాగే ఉంచి పొట్లంలో బరువు పెంచుతామని కొన్ని కంపెనీలు ప్రకటించాయి. కొనేవాడికి అది లాభంగా కనిపిస్తుంది. ఆ లాభం చేరేది మాత్రం పిల్లవాడి కడుపులోకి.

తెలిసి చేసిన పనేనా?

పరిశ్రమకు ఈ సంగతి తెలియదనటానికి వీల్లేదు. సిగరెట్ల వ్యాపారంలో ఆరితేరిన అమెరికన్ సంస్థ ఫిలిప్ మోరిస్ 1985లో జనరల్ ఫుడ్స్‌ను, 1988లో క్రాఫ్ట్‌ను కొన్నది. మరో పొగాకు సంస్థ రేనాల్డ్స్ 1985లోనే బిస్కెట్ల కంపెనీ నబిస్కోను కలుపుకున్నది. మనిషి చేతికి ఒక అలవాటును ఎలా అంటించాలో తెలిసినవాళ్లు తిండి వ్యాపారంలోకి వచ్చారు.

1999 ఏప్రిల్‌లో మినియాపొలిస్ నగరంలో అమెరికా ఆహార కంపెనీల పెద్దలు సమావేశమయ్యారు. పిల్లల్లో స్థూలకాయం పెరుగుతున్నదని, ఇందులో తమ పాత్ర ఒప్పుకుని సర్దుకుందామని క్రాఫ్ట్ అధికారి మైకేల్ మడ్ ప్రతిపాదించాడు. సాటి పెద్దలు ఒప్పుకోలేదు. రుచి తగ్గిస్తే సరుకు అమ్ముడుపోదన్నారు. ఈ కథను పత్రికా రచయిత మైకేల్ మాస్ 2013లో తన పుస్తకంలో బయటపెట్టాడు. ఆ దేశాల్లో అమ్మకాలకు ఎదురుదెబ్బ తగిలేకొద్దీ పరిశ్రమ చూపు మన దేశం వంటి దేశాల పల్లెల మీద పడింది.

మామిడి రైతు కథ

ఈ వ్యవహారం చిత్తూరు జిల్లాకు తినేవాడి వైపునుంచే కాదు, పండించేవాడి వైపునుంచీ తగులుతున్నది. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయింది. బంగారుపాళ్యం యార్డులోనూ, గుజ్జు ఫ్యాక్టరీల ముందూ ట్రాక్టర్లు బారులు తీరాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం మరో 4 రూపాయలు కలపాలని నిర్ణయం జరిగింది. ఆ ఎనిమిది కూడా చేతికి రాలేదని రైతులు రోడ్డెక్కారు.

ఇక రెండో వైపు చూడాలి. పండ్ల పానీయం అని పేరు పెట్టి అమ్మటానికి అందులో నూటికి పది పాళ్లు పండు ఉంటే చాలునన్నది దేశంలోని నిబంధన. కిలో కాయకు అరకిలో గుజ్జు వచ్చిందనుకున్నా, ఆ లెక్కన ఐదు లీటర్ల పానీయం తయారవుతుంది. అంటే చిన్న డబ్బాలు ముప్పైకి పైమాటే. తక్కిన తొంభై పాళ్లలో ఎక్కువ భాగం నీరు, చక్కెర. కిలో కాయ ఎనిమిది రూపాయలకు అమ్మిన రైతు, తన కొడుక్కు ఒక్క చిన్న డబ్బా కొనాలంటే అంతకన్నా ఎక్కువే ఇచ్చుకోవాలి.

పండు తింటే రెండు కాయలకు కడుపు నిండుతుంది, పీచు పళ్లలో ఇరుక్కుంటుంది, మూడో కాయ అక్కరలేదనిపిస్తుంది. డబ్బా తాగితే మూడో డబ్బాకైనా చోటుంటుంది. రైతుకు ధర రాని ఏడాది కూడా డబ్బా ధర తగ్గదు. పీచును పారేసి తీపిని అమ్ముకునే వ్యాపారంలో రైతుకు మిగిలేదీ తక్కువే, తాగే పిల్లవాడికి దక్కేదీ తక్కువే.

ఒకే ఇంట రెండు జబ్బులు

అధిక బరువు పట్నం రోగమన్న రోజులు పోయాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 36 మంది ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. అదే సర్వేలో నూటికి 59 మందికి రక్తం తక్కువ. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. ఒళ్లు పెరుగుతున్నది, రక్తం పెరగటం లేదు. కడుపు నిండుతున్నది, పోషణ దక్కటం లేదు. దేశం మొత్తం మీద 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నదని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కగట్టింది. దీనికంతటికీ పొట్లాలే కారణమనలేం. తెల్లబియ్యం అన్నం ఎక్కువ, కూరలు తక్కువ, ఒంటికి పని తగ్గటం వంటి కారణాలూ ఉన్నాయి. అయితే మండుతున్న పొయ్యిలో పొట్లం నూనె పోస్తున్నదన్నది నిజం.

అవతలి వాదం

అంగడి నడుపుకునే ముసలమ్మ కడుపు కొడతారా అని అడిగేవారు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. పొట్లాల తోరణం తీసేస్తే ఆమెకు రోజుకు కొంత నష్టం వస్తుంది. కాని ఆమె అంగట్లో ఒకప్పుడు వేరుశెనగ ఉండలు, బొరుగుల ముద్దలు, పప్పుచెక్కలు సీసాల్లో ఉండేవి. వాటి మీద వచ్చిన డబ్బు ఊళ్లోనే తిరిగేది. ఇప్పుడు పొట్లం మీద ఆమెకు మిగిలేది పైసల్లోనే, తక్కినదంతా ఊరు దాటిపోతున్నది.

పప్పుచెక్కల్లో నూనె లేదా, ఉండల్లో బెల్లం లేదా అని మరో ప్రశ్న. ఉంది. అవి కూడా అతిగా తింటే చేటే. అయితే అవి గట్టివి, కొరికి నమలాలి. నాలుగు తినేసరికి దవడ నొప్పి పుడుతుంది. పైగా అవి పండుగకో, తిరునాళ్లకో వండేవి. పొట్లానికి పండుగతో పని లేదు, ఏడాదికి 365 రోజులూ అంగట్లో వేలాడుతూనే ఉంటుంది.

తెల్లవారకముందే కూలికి పోయే తల్లికి వండి పెట్టే తీరిక ఎక్కడిదని ఇంకొకరు అడుగుతారు. ఇదే అన్నింటికన్నా బరువైన ప్రశ్న. పిల్లవాడి చేతిలో పది రూపాయలు పెట్టి పోయే తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆమె లేని వేళ బిడ్డకు మంచి తిండి దొరికే ఏర్పాటు ఊరు చేయాలి, ప్రభుత్వం చేయాలి.

చట్టం ఉంది, అమలు ఏది?

కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడి ఆవరణలోనూ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపలా పిల్లలకు అమ్మకూడదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన చేసింది. యాభై మీటర్లంటే పెద్దమనిషి అడుగుల్లో డెబ్బై. ఏ ఊరివారైనా తమ బడి గేటు దగ్గర నిలబడి డెబ్బై అడుగులు వేసి చూసుకోవచ్చు. లోపల ఎన్ని తోరణాలు వేలాడుతున్నాయో లెక్క తేలిపోతుంది. దీనికి కోర్టు అక్కరలేదు, ఉద్యమం అక్కరలేదు. పంచాయతీ, బడి తల్లిదండ్రుల కమిటీ కలిసి ఒక తీర్మానం చేసి, అంగడివారిని పిలిచి మాట్లాడి, ఆ సరుకును బడి ఎదుటినుంచి తీయిస్తే చాలు.

పొట్లం ముందువైపు హెచ్చరిక ముద్ర వేయాలన్న మాట ఏళ్ల తరబడి నలుగుతున్నది. 2022 సెప్టెంబరులో ఆహార భద్రత సంస్థ నక్షత్రాల గుర్తుతో ఒక ముసాయిదా తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమన్నది. ఆ మూడు నెలలూ గడిచిపోయాయి గాని సంగతి తేలలేదు. నక్షత్రాలు చూసి పిల్లవాడు మెచ్చుకుంటాడే తప్ప జంకడు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశం 2016లో నల్లటి ఎనిమిది మూలల ముద్ర వేయించింది. చక్కెర ఎక్కువ, ఉప్పు ఎక్కువ అని చదువు రానివాడికి కూడా తెలిసేటట్లు చేసింది. ఆ సరుకును బడుల్లో అమ్మనివ్వలేదు, పిల్లలకు ఎరవేసే ప్రకటనలను అరికట్టింది. ఏడాదిన్నరలో తీపి పానీయాల కొనుగోళ్లు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు కాదు?

2023 మార్చి నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో పిల్లలకు రాగిజావ ఇవ్వటం మొదలైంది. అంతకుముందునుంచే వేరుశెనగ చిక్కీ ఇస్తున్నారు. మంచి ఆలోచన. ఆ రాగి, ఆ వేరుశెనగ ఈ నేలలో పండేవే. మహిళా పొదుపు సంఘాలకు కాస్త పెట్టుబడి ఇస్తే ఉండలు, బొరుగుల మిక్చరు, ఉడికిన శెనగలు ఐదు రూపాయలకే బడి దగ్గర అమ్మగలరు. అంగడి ముసలమ్మకూ అమ్ముకునే సరుకు దొరుకుతుంది, కూలికి పోయిన తల్లికీ నిశ్చింత కలుగుతుంది, రైతుకూ నాలుగు గింజలు అమ్ముడుపోతాయి.

ఇంట్లో చేయగలిగినవీ కొన్ని ఉన్నాయి. చుట్టాలింటికి పోయేటప్పుడు పిల్లలకు పొట్లాలు తీసుకుపోవటం మర్యాద అయిపోయింది. ఆ మర్యాద నాలుగు పండ్లకు మారాలి. ఏడుపు మాన్పటానికి బిస్కెట్టు చేతికివ్వటం మానాలి. సాధారణంగా దొరికే గ్లూకోజ్ బిస్కెట్టులో నాలుగో వంతు చక్కెరే. పొట్లం కొనక తప్పని రోజున దాన్ని చింపి గిన్నెలో పోసి నలుగురికి పంచితే, ఒక్కడే అడుగుదాకా నాకటం తప్పుతుంది.

పిల్లవాణ్ణి తిట్టటం మాత్రం మానాలి. ఒక పక్క పెద్ద పెద్ద ప్రయోగశాలలు, కోట్ల రూపాయల ప్రకటనలు, సినిమా తారలు, క్రికెట్ వీరులు. మరో పక్క చేతిలో ఐదు రూపాయల బిళ్లతో ఎనిమిదేళ్ల పిల్లవాడు. ఈ పోటీలో ఓడిపోయినందుకు వాడికి తిండిపోతు అని పేరు పెట్టటం అన్యాయం. వాడి వైపు నిలబడవలసిన ఊరు, బడి, ప్రభుత్వం ఇంకా గేటు బయటే నిలబడి చూస్తున్నాయి. బడి గేటు నుంచి డెబ్బై అడుగులు కొలవటంతో ఆ పని మొదలు పెట్టవచ్చు.